దగ్గింటి అక్కాచెల్లెళ్ళు

డిపోలో ఆమెను అందరూ విజిలక్క అనేవారు. బస్సు ఎంత కిక్కిరిసి ఉన్నా, వెనక మెట్టు మీద నుంచి ఆమె విజిల్ వేస్తే ముందు అద్దం అదురుతుందని డ్రైవర్లు చెప్పుకుని నవ్వేవారు. మనిషి పొట్టి, చేయి చురుకు, నోరు ఇంకా చురుకు.

ఛాతీ ఆసుపత్రి మీదుగా పోయే రూటంటే మిగతా కండక్టర్లకు గిట్టేది కాదు. ఎక్కేవాళ్ళలో సగంమంది దగ్గుతూ ఎక్కి దగ్గుతూ దిగేవాళ్ళే. విజిలక్క మాత్రం ఏళ్ళ తరబడి ఆ రూటే అడిగి మరీ వేయించుకునేది.

"అందరూ తప్పించుకునే డ్యూటీ నువ్వు నెత్తిన వేసుకుంటావేంటక్కా?" అని డ్రైవరు అడిగితే, "దగ్గుతో మాకు చుట్టరికం ఉందిలే, నువ్వు బండి చూసుకో," అని మాట దాటేసేది. అదీ నిజమే. డిపోలో ఏటా తీసే ఎక్స్‌రేలో మాత్రం ఆమె ఊపిరితిత్తులు కడిగిన గాజుగ్లాసుల్లా ఉండేవి.

ఎవరికీ చెప్పని కారణం ఒకటుంది. ఆమె ఎక్కేవాళ్ళ మొహాలు చూసేది. ముప్పై దాటిన ఆడమనిషి ఎవరు ఎక్కినా టికెట్టు చింపి ఇస్తూ ఒక్క క్షణం ఎక్కువ చూసేది. అమ్మ కనుబొమలు ఎక్కడైనా కనిపిస్తాయేమోనని, నాన్న నవ్వు ఎవరి పెదాల మీదైనా ఉందేమోనని. తన చెల్లెలు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక బస్సు ఎక్కక తప్పదు కదా అనుకునే చిన్నతనంలో ఈ ఉద్యోగంలో చేరింది. ఆసుపత్రి రూటు ఎంచుకోవడానికి ఇంకో లెక్క ఉంది. తమ ఇంట్లో పుట్టిన పిల్ల ఏనాటికైనా ఈ ఆసుపత్రికి వస్తుందేమోనని ఒక భయం, వస్తే కళ్ళబడుతుందని ఒక ఆశ. ఆ రెండింట్లో ఏది ఎక్కువో ఆమెకే తెలియదు.

వాళ్ళది ఒకే గది ఇల్లు. ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడకు ఆనుకుని ఉండేది. తెరిచినా మూసినా ఒకటే. తండ్రి గిడ్డంగిలో బస్తాలు మోసేవాడు. తల్లి కుట్టుమిషను ముందు కూర్చుని జేబులూ కాలర్లూ కుట్టేది. ఇద్దరూ మేనత్త, మేనమామ బిడ్డలు. తల్లికి క్షయ. మందులు వాడితే తగ్గేది, ఒళ్ళు చేసేది, మిషను చప్పుడు మళ్ళీ మొదలయ్యేది. కొన్నాళ్ళు పోయాక చప్పుడు ఆగేది, దగ్గు మొదలయ్యేది. తల్లి తోడబుట్టిన అక్క కూడా పెళ్ళి కాకముందే అదే జబ్బుతో పోయింది. వీధిలో వాళ్ళ ఇంటికి దగ్గిల్లు అనే పేరు పడింది. దగ్గింటి సందు, దగ్గింటి ఎదురు మలుపు అని గుర్తులు చెప్పుకునేవారు.

తల్లి ఒంట్లో బాగున్న రోజుల్లో చెల్లెలు పుట్టింది. గువ్వపిట్టలా కువకువలాడేదని గువ్వ అని పిలుచుకున్నారు. విజిలక్కకు అప్పటికి పదేళ్ళుంటాయి. గువ్వ నేల మీద ఉన్నదానికన్నా అక్క చంకలో ఉన్నదే ఎక్కువ. అందరు పిల్లలకూ వేసినట్టే గువ్వకూ చేతికి క్షయ టీకా వేశారు. అందరికీ మానిన పుండు గువ్వకు మానలేదు. చంకలో నిమ్మకాయంత గడ్డ లేచింది. నెలలు గడిచినా రసి కారుతూనే ఉండేది. తల్లి వేడినీళ్ళలో గుడ్డ ముంచి దాన్ని తుడిచేది. అలా తుడుస్తూ తుడుస్తూనే ఏదో నిశ్చయించుకుంది.

రెండు వీధుల అవతల గడియారాలు బాగుచేసే మేస్త్రీ ఉండేవాడు. ఆలుమగలకు పిల్లలు లేరు. ఒక మధ్యాహ్నం ఇద్దరూ వచ్చి గడప బయటే నిలబడ్డారు. ఒకటే షరతు అన్నారు. రాకపోకలు ఉండకూడదు, ఈ ఇంటి పిల్లనని దానికి తెలియకూడదు. తల్లి తలూపింది. విజిలక్క గువ్వకు ఉతికిన గౌను తొడిగి, జుట్టు దువ్వి, ఎత్తుకెళ్ళి మేస్త్రీ భార్య చేతుల్లో పెట్టింది. షికారుకు తీసుకెళ్తున్నారనుకుని గువ్వ మలుపు తిరిగేదాకా చేయి ఊపుతూనే ఉంది.

"అదొద్దమ్మా, నన్నిచ్చెయ్, దాన్ని ఉంచుకో," అని ఆ సాయంత్రం విజిలక్క ఏడ్చింది.

"నిన్ను అడగలేదే వాళ్ళు," అంది తల్లి. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది.

షరతుకు తల్లి సగమే కట్టుబడింది. కుట్టిన బట్టలు ఇచ్చే సాకుతో వారానికొకసారి పెద్దకూతుర్ని వెంటబెట్టుకుని, గడియారాల దుకాణానికి ఎదురు వరసలో, రోడ్డు ఇవతల నిలబడేది. మూతికి రుమాలు అడ్డం పెట్టుకునేది. దుకాణంలో గువ్వ ఎత్తు స్టూలు మీద కూర్చుని కాళ్ళూపుతూ కనిపించేది. తల్లి వేళ్ళు కూతురి చేతిని ఎంత గట్టిగా పట్టుకునేవో, ఇల్లు చేరేదాకా మంట తగ్గేది కాదు. ఒకసారి వెళ్ళేసరికి దుకాణం తలుపులకు తాళం ఉంది. గోడ మీద గడియారం బొమ్మ ఒక్కటే మిగిలింది. ఊరు విడిచి వెళ్ళిపోయారని పక్క కొట్టువాడు చెప్పాడు.

ఆ మరుసటి వానాకాలంలో తల్లి పోయింది. చివరిదాకా విజిలక్క తల్లి పక్కనే, ఒకే పక్క మీద, అదే గాలి పీలుస్తూ పడుకుంది. ఆమెకు తుమ్ము కూడా రాలేదు. పెద్దయ్యాక సంబంధాలు రాకపోలేదు. వచ్చినవాళ్ళు వీధి మొదట్లో ఇల్లెక్కడని అడిగేవారు, దగ్గిల్లా అని ఎవరో అనేవారు, అటునుంచటే వెనక్కి వెళ్ళిపోయేవారు. తండ్రి కూడా పోయాక ఆమె డిపో దగ్గర పైఅంతస్తు గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండిపోయింది.

*

ఒక పొద్దున బస్సు ఆసుపత్రి స్టాపులో ఆగినప్పుడు ఒక ముసలావిడ ఎక్కింది. సీటు ఖాళీ ఉన్నా కూర్చోలేదు.

"టికెట్టు తీసుకో పెద్దమ్మా. ఎక్కడిదాకా?"

"నువ్వు దిగేదాకా," అంది ముసలావిడ.

విజిలక్క నవ్వింది. "నేను దిగేసరికి చీకటి పడుతుంది. అంత ఓపికుందా నీకు?"

ముసలావిడ నవ్వలేదు. "కుట్టుపనావిడ కూతురివి నువ్వేనా? మిషనూ, దగ్గూ... ఆ ఇల్లు."

విజిలక్క చేతిలో టికెట్ల కట్ట అలాగే ఉండిపోయింది. వెనకనుంచి ఎవరో స్టాపు వచ్చిందని అరుస్తున్నారు. ఆమెకు వినబడలేదు.

"నేను గడియారాల మేస్త్రీ భార్యని," అంది ముసలావిడ. కళ్ళు నేలకేసి ఉన్నాయి. "ఆయన పోయాడు. నేనే పాత వీధికెళ్ళి వాకబు చేసి వచ్చాను. పిల్ల ఇక్కడే ఉంది తల్లీ, ఆసుపత్రిలో. జబ్బు మూడోసారి వచ్చింది. వాళ్ళ డాక్టరుకి రక్తసంబంధం ఉన్నవాళ్ళు కావాలట."

"దానికి తెలుసా?"

"పెళ్ళప్పుడు చెప్పాం. ఒక్కమాట మాట్లాడలేదు. ఇప్పుడు డాక్టరు అడిగితే తనే చెప్పింది, నాకు అక్క ఉండాలి అని."

నాకు అక్క ఉండాలి. ఆ మాట పట్టుకుని విజిలక్క ఆ రోజు మిగతా ట్రిప్పులన్నీ ఎలా తిప్పిందో ఆమెకే తెలియదు. ఇద్దరికి టికెట్లు ఇవ్వడం మరిచిపోయింది. ఒకాయనకు రెండుసార్లు ఇచ్చింది. "ఏంటక్కా, ఇవాళ విజిల్ వేసినట్టే లేదు," అన్నాడు డ్రైవరు.

"నా సంగతి తర్వాత. రేపు నాకు సెలవు కావాలి," అంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె నోట ఆ మాట విన్నవాళ్ళు లేరు.

*

వార్డు పొడుగ్గా ఉంది. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. గుమ్మం దగ్గరే నర్సు మూతికి కట్టుకోవడానికి మాస్కు ఇచ్చి, "చివరి మంచం. మందులు మధ్యలో మానేసే రకం. మీరైనా బుద్ధి చెప్పండి," అంది.

చివరి మంచం మీద ఒకామె మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, చేతిగడియారం వెనకమూత ఊడదీసి లోపలికి చూస్తోంది. వార్డులో ఎవరిదో ఆగిపోయిన గడియారం. చెంపలు లోపలికి పోయాయి. కనుబొమలు అమ్మవే. విజిలక్క వేల మొహాల్లో వెతికిన కనుబొమలు. గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు.

"గువ్వా," అంది.

ఆమె తలెత్తింది. "ఎవరండీ?"

"గువ్వా... నేనే."

"అది నా పేరు కాదండీ," అందామె మర్యాదగానే. తర్వాత అర్థమైనట్టు గడియారం పక్కన పెట్టింది. "ఓహో. మీరా. కూర్చోండి."

కూర్చోండి అన్న ఆ మర్యాదే విజిలక్కకు ఎక్కడో గుచ్చుకుంది. ఇన్నేళ్ళుగా ఈ క్షణంలో ఏం మాట్లాడాలో బస్సు కిటికీలోంచి చూస్తూ ఎన్నోసార్లు అనుకుంది. ఒక్కటీ గుర్తు రాలేదు. చివరికి, "టిఫిను తిన్నావా?" అని అడిగింది.

"తిన్నానండీ."

"అండీ ఏంటే. చంకనెత్తుకుని తిప్పినదాన్ని."

చెల్లెలు కాసేపు చూసింది. "నాకేం గుర్తుంటుంది? నాకు తెలిసిందల్లా ఒకటే. ఇద్దరు ఆడపిల్లలుంటే మిమ్మల్ని ఉంచుకున్నారు, నన్ను ఇచ్చేశారు. ఎందుకిచ్చారంటే జబ్బు రాకూడదనట." చేత్తో మంచాన్ని చూపించింది. "వచ్చింది కదా. పంతొమ్మిదేళ్ళకు వచ్చింది, పాప పుట్టాక వచ్చింది, మళ్ళీ ఇప్పుడు. పూట తప్పకుండా మందులు మింగాను. ఈ నర్సమ్మేమో నమ్మదు. మీకు ఎన్నిసార్లొచ్చింది?"

విజిలక్క తల దించుకుంది. ఒంట్లో ఏ జబ్బూ లేనందుకు సిగ్గుపడాల్సి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"రాలేదు," అంది.

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా."

చెల్లెలు నవ్వింది. ఆ నవ్వు దగ్గుగా మారింది. దగ్గు వచ్చినప్పుడు గోడవైపు తిరిగింది. ఆ తిరగడం చూసి విజిలక్క లేచి నిలబడింది. ఎవరూ నేర్పకుండానే చెల్లెలు అచ్చం అమ్మలాగే తిరిగింది.

*

డాక్టరు చిన్నవయసు మనిషి. కొప్పులో పెన్ను గుచ్చుకుని, దానికోసమే బల్లంతా వెతుక్కునే రకం. ఆమె అడిగిన ప్రశ్నలకు విజిలక్క ఆశ్చర్యపోయింది. అమ్మానాన్నలు దగ్గరి చుట్టాలా? అమ్మవైపు ఇంకెవరికైనా ఈ జబ్బు వచ్చిందా? చెల్లెలికి చిన్నప్పుడు టీకా పుండు ఎలా మానింది?

"మానలేదు డాక్టరమ్మా. చంకలో గడ్డ లేచింది. రసి కారేది. మా అమ్మ వేడినీళ్ళతో తుడిచేది."

"మా ఇంటికొచ్చాక కూడా ఏడాది పైన పట్టింది," అని ముసలావిడ గుమ్మం దగ్గర నుంచి అందుకుంది.

డాక్టరు రాసుకోవడం ఆపి ఇద్దరినీ చూసింది. "ఈ సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదా?"

ఎవరూ అడగలేదు.

అక్కాచెల్లెళ్ళిద్దరి రక్తం తీసుకున్నారు. ఫలితం రావడానికి వారాలు పడుతుందన్నారు. ఆ వారాలు విజిలక్కకు వరమే అయ్యాయి. డ్యూటీ దిగగానే యూనిఫారంతోనే వార్డుకు వచ్చేది. పళ్ళూ, రొట్టె, పాలు తెచ్చేది. చెల్లెలు ఎక్కువ మాట్లాడేది కాదు. ఆమె ఊళ్ళో భర్త దుకాణం చూసుకుంటూ, బడికెళ్ళే కూతుర్ని చూసుకుంటూ ఉన్నాడు. కూతురి ఫోను వచ్చినప్పుడు మాత్రం మొహం వెలిగేది. మిగతా సమయంలో వార్డు వాళ్ళ గడియారాలు విప్పి బిగించేది. అక్క అని పిలిచేది కాదు. పేరుపెట్టీ పిలిచేది కాదు. ఏదైనా కావాలంటే, "ఇదిగో, ఆ నీళ్ళిలా ఇస్తారా?" అనేది. కొన్నాళ్ళకు ఇస్తారా పోయి ఇస్తావా వచ్చింది. ఆ రోజు విజిలక్క ఇంటికి నడిచే వెళ్ళింది. బస్సెక్కాలని కూడా తోచలేదు.

ఒకరోజు విజిలక్క, అమ్మతో పాటు రోడ్డుకు ఇవతల నిలబడ్డ సంగతి చెప్పింది. రుమాలూ, స్టూలూ, ఊగే కాళ్ళూ అన్నీ చెప్పింది.

చెల్లెలు స్క్రూడ్రైవరు కింద పెట్టేసింది. "నన్ను చూడ్డానికి వచ్చేదా?"

"ప్రతి వారం."

"లోపలికి ఎందుకు రాలేదు?"

"మాటిచ్చింది కదా."

మంచం కాళ్ళవైపు కూర్చున్న ముసలావిడ అప్పుడు నోరు విప్పింది. "నేను చూసేదాన్ని. అద్దంలోంచి కనబడేది. నా పిల్లను మళ్ళీ అడుగుతుందేమోనని హడలిపోయాను. ఆయన్ని పోరు పెట్టి ఊరు మార్పించింది నేనే." తల వంచుకుని, "అడగడానికి రాలేదని ఇప్పుడు తెలుస్తోంది," అంది.

చెల్లెలు ముసలావిడ పాదం మీద దుప్పటి సర్దింది. అది చూసి విజిలక్కకు అసూయ కలిగింది. కలిగినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళపాటు జ్వరమొస్తే పక్కన కూర్చున్నది ఆవిడే కదా.

*

ఫలితం వచ్చిన రోజు డాక్టరు ముగ్గురినీ తన గదిలోకి పిలిచి తలుపు మూసింది.

"ముందు ఒక మాట. క్షయ వంశంలోంచి రాదు, గాలిలోంచే వస్తుంది. క్రిమి ఒంట్లో చేరినవాళ్ళు కోకొల్లలు. చాలామందిలో అది నోరు మూసుకుని పడుంటుంది. కొందరిలో లేస్తుంది. తిండి చాలక, గాలాడని గదిలో ఉండి, ఇంకో జబ్బుండి, ఇలా సవాలక్ష కారణాలు. పుట్టుకతో వచ్చిన జన్యువుల వాటా కూడా ఉంటుంది. మామూలుగా అది ఎన్నో జన్యువుల మధ్య చిల్లరగా పంచుకుని ఉంటుంది. ఈమె విషయంలో మాత్రం ఒక్క జన్యువే కొంప ముంచింది. ఇలాంటివాళ్ళు చాలా అరుదు."

"అదేం చేస్తుంది?" అంది చెల్లెలు. పాడైన యంత్రం గురించి అడిగినట్టే అడిగింది.

"క్రిమిని మింగే కణాలు కొన్నుంటాయి. మింగగానే పక్క కణాలకు కబురు పెడతాయి. పక్కవి ఆ కబురు విని, ఒక మందులాంటి పదార్థాన్ని తిరిగి పంపాలి. అది అందితేనే మింగిన కణం క్రిమిని చంపగలదు. కబురు వినడానికి కణం మీద చెవి లాంటిది ఒకటుండాలి. నీకా చెవి తయారు కాలేదు."

"అంటే నేను వెనకనుంచి విజిల్ వేస్తున్నాను, డ్రైవరుకు చెవుడు," అంది విజిలక్క.

డాక్టరు నవ్వింది. "అచ్చం అంతే."

"మరి బస్సెలా కదులుతుంది?"

"వేరే కండక్టర్లు తోసుకుంటూ కొంచెం కదిలిస్తారు. అందుకే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది. ఇకనుంచి ఆ తిరిగి పంపాల్సిన పదార్థాన్నే మనం ఇంజక్షనుగా ఇస్తాం. క్షయ మందులూ నడుస్తాయి. పూర్తిగా నయమని నేను మాటివ్వను. కానీ ఇదివరకటిలా ఉండదు. ఇంకోమాట, మందులు మానేశావని ఇక ఎవరూ అనరు. నర్సులకు నేనే చెప్పాను."

చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. అన్నిటికన్నా ఆ చివరి మాటకే ఆమెకు ఏడుపొచ్చింది.

ప్రతి జన్యువూ జతగా ఉంటుందనీ, ఒకటి తల్లినుంచి, ఒకటి తండ్రినుంచి వస్తుందనీ డాక్టరు చెప్పింది. తల్లికి బహుశా రెండూ పాడైనవే. తండ్రికి ఒకటి మంచిది, ఒకటి పాడైంది. పెద్దకూతురికి తండ్రినుంచి మంచిది అందింది. చిన్నదానికి పాడైంది అందింది.

"నాన్న దానికి అన్యాయం చేశాడన్నమాట," అంది విజిలక్క నెమ్మదిగా.

"ఎంచి ఇచ్చేది కాదమ్మా. కళ్ళు మూసుకుని తీసిన చీటీ లాంటిది. మీకు ఒక్క మంచిది చాలింది. మీ ఒంటికి ఆ క్రిమితో పరిచయముందని పరీక్షలో తేలింది. బహుశా ఇప్పటికీ లోపల నిద్రపోతూ ఉండొచ్చు. మీ ఒళ్ళు దాన్ని లేవనివ్వలేదు."

విజిలక్క చేయి దానంతటదే ఛాతీ మీదకు పోయింది. "మా అమ్మదా?"

"అమ్మదో, మీ బస్సులో ఎవరిదో చెప్పలేం."

"అమ్మదే," అంది విజిలక్క. డాక్టరు కాదనలేదు.

చెల్లెలు కిటికీవైపు తిరిగింది. తర్వాత అడిగింది. "అయితే మా అమ్మ నన్నిచ్చింది ఉత్తిపుణ్యానికేనా? అది నా ఒంట్లోనే ఉంటే, ఎక్కడున్నా ఒకటేగా."

డాక్టరు కొప్పులోంచి పెన్ను తీసి మళ్ళీ గుచ్చుకుంది. "ఒకటి కాదు. అప్పటికి ఏడాదిన్నర పిల్లవి. టీకాలోని బలహీనమైన క్రిమినే నీ ఒళ్ళు రెండేళ్ళ పైన తట్టుకోలేకపోయింది. ఆ గదిలో, పొద్దస్తమానం మీ అమ్మ దగ్గు గాలిలో, అసలు క్రిమి మధ్య ఉండి ఉంటే... ఖాయంగా చెప్పలేను. నా చదువు ప్రకారం నువ్వు నాలుగేళ్ళు దాటేదానివి కాదు."

ముసలావిడ చెల్లెలి చేయి పట్టుకుంది.

"ఆవిడకు ఈ జన్యువుల సంగతి తెలిసే వీల్లేదు," అంది డాక్టరు. "అయినా ఉంచాల్సినదాన్ని ఉంచుకుంది, పంపాల్సినదాన్ని పంపింది."

ముసలావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. విజిలక్కకు ఏడుపు రాలేదు. ఇంతకాలం ఆమె లోపల ఒక వాదన నడుస్తూ ఉండేది. నాకేమీ కాలేదు కదా, గువ్వకు మాత్రం ఏమవుతుంది, ఉంచుకుని ఉంటే పోయేదేముంది అని తల్లితో వాదించేది. తల్లి పోయినా వాదన ఆగలేదు. ఇవాళ ఆమె ఓడిపోయింది. ఓడినందుకు తేలికపడాలో, ఇన్నేళ్ళూ ఒంటరిగా గడిచిన పొద్దులన్నీ ఎవరి ముందు పరచాలో తెలియలేదు. ఎడబాటు తప్పనిసరే అని తేలినంత మాత్రాన గడిచిన కాలం వెనక్కి రాదు కదా.

చెల్లెలు మాత్రం ఇంకా ఒకటి అడగాల్సి ఉంది. "మా పాప?"

"నీ నుంచి పాడైంది ఒకటి తప్పకుండా వెళ్తుంది. వాళ్ళ నాన్నది చూడాలి."

పాప రక్తం తెప్పించి చూశారు. తండ్రి వైపుది మంచిదే. "మీ పాప ఈవిడలాగే," అని డాక్టరు విజిలక్కను చూపించినప్పుడు, చెల్లెలు మొదటిసారి అక్కను తేరిపార చూసింది. పొట్టి మనిషిని, నెరిసిన చెంపల్ని, యూనిఫారం జేబులో వేలాడే విజిల్ తాడును. తన కూతురికి ఏం కావాలో అదంతా అక్కడ నిలబడి ఉన్నట్టుగా చూసింది.

*

ఇంజక్షన్లతో మెల్లగా జ్వరం దిగింది. ఆకలి పుట్టింది. డిశ్చార్జి చేశాక కూడా కొన్నాళ్ళు ఆసుపత్రికి దగ్గరలో ఉండాలన్నారు. ముసలావిడ మనవరాలి దగ్గరికి వెళ్ళింది. చెల్లెలు విజిలక్క పైఅంతస్తు గదికి వచ్చింది.

ఒకే గదిలో ఇద్దరూ ఎలా మసలాలో వాళ్ళకు తెలియదు. విజిలక్కకు ఒంటరితనం అలవాటైపోయి, చెప్పులు ఎక్కడ పడితే అక్కడ వదిలేసేది. చెల్లెలికి ప్రతిదీ వరసగా ఉండాలి. చెంచాలు కూడా పొడవు ప్రకారం పేర్చేది. కిటికీ తెరవాలని ఒకరు, చలేస్తోందని ఒకరు. "ఇన్నాళ్ళూ నీకోసం ఏడ్చింది ఇందుకా," అని విజిలక్క ఒకసారి విసుక్కుంది. చెల్లెలు పకపకా నవ్వింది. దగ్గు రాలేదు.

ఒక సాయంత్రం గదిలో వెలుగు పల్చబడుతుండగా చెల్లెలు అడిగింది. "అమ్మ గొంతు ఎలా ఉండేది?"

విజిలక్క చెప్పబోయి ఆగింది. మొహం గుర్తుంది. చేతులు గుర్తున్నాయి, చూపుడువేలి మీద సూది గుచ్చుకున్న గరుకు కూడా గుర్తుంది. గొంతు కోసం లోపలంతా వెతికింది. లేదు.

"దగ్గొక్కటే గుర్తుంది," అంది చివరికి. అంటున్నప్పుడు ఏదో దొంగతనం చేసి దొరికిపోయినట్టు అనిపించింది.

"పోనీ అదే చెప్పు."

"వచ్చే ముందు మిషను చక్రాన్ని చేత్తో ఆపేది. గోడవైపు తిరిగేది. నువ్వు తిరిగినట్టే. అయ్యాక నేను భయపడకుండా, ఏం లేదులేవే, ఏం లేదు అనేది."

"ఏ గొంతుతో?"

"అదే రావట్లేదే తల్లీ."

లైటు వేయాలని ఎవరికీ అనిపించలేదు. చెల్లెలు దగ్గరికి జరిగి మోచేయి మోచేతికి తగిలేలా కూర్చుంది. అంతకు మించి ఏమీ చేయలేదు.

నెల తిరిగాక ఆమె తన ఊరు వెళ్ళిపోయింది. అక్కడ దుకాణముంది, భర్త ఉన్నాడు, పాప ఉంది, అమ్మ అని ఆమె పిలిచే ముసలావిడ ఉంది. ఇక్కడే ఉండిపొమ్మని అడిగే హక్కు తనకు లేదని విజిలక్కకు తెలుసు. అడగలేదు. ఇప్పుడు ఆసుపత్రిలో చూపించుకోవడానికి రెండు మూడు నెలలకోసారి వస్తుంది. రెండ్రోజులు ఉంటుంది. ఆ రెండ్రోజుల కోసం విజిలక్క వారం ముందునుంచే చెప్పులు సర్దుతుంది. వెళ్ళిపోయాక గదిలో ఎటు చూసినా ఖాళీగానే ఉంటుంది. దొరకనప్పుడు ఉన్న వెలితి వేరు, దొరికి దూరంగా ఉన్నప్పటి వెలితి వేరు. రెండోది కూడా చిన్నదేమీ కాదు.

అక్క అని మాత్రం ఇంతవరకూ పిలవలేదు. ఇదిగో అనే అంటుంది. పిలవమని విజిలక్క కోరలేదు. అడిగి పిలిపించుకుంటే ఏం బాగుంటుంది.

మొన్న వచ్చినప్పుడు విజిలక్కకు డ్యూటీ ఆలస్యమైంది. మెట్లెక్కి గది దాకా వచ్చేసరికి, ఓరగా వేసి ఉన్న తలుపు వెనకనుంచి చెల్లెలి మాటలు వినిపించాయి. కూతురితో ఫోనులో మాట్లాడుతోంది.

"లేదమ్మా, ఇంకా రాలేదు. మా అక్కకు ఇవాళ ఆలస్యమైనట్టుంది. వచ్చాక మాట్లాడిస్తాలే... ఆ, మా అక్కకి చెప్తాలే."

విజిలక్క తలుపు తోయబోయిన చేయి వెనక్కి తీసుకుంది. టికెట్ల సంచీ చప్పుడు కాకుండా ఒడిలో పెట్టుకుని పైమెట్టు మీద కూర్చుంది. లోపల మాటలు పాప బడి మీదికీ, వాన మీదికీ, దుకాణం మీదికీ మళ్ళాయి. ఆ మాట ఇంకోసారి అంటుందేమోనని ఆమె అలాగే కూర్చుని విన్నది.